వాటర్ పార్కు ఉద్యోగం, గెస్టు పాసులు: పండగలోపే తేల్చుకోవాల్సిన సంగతులు

అడిగిన విషయం ముందు క్లుప్తంగా. అమలాపురం దగ్గరి ఊరి కుర్రాడు ఒకరు హైవే పక్కన వాటర్ పార్కులో గెస్ట్ సర్వీస్‌లో చేరారు. బంధువులనో స్నేహితులనో ఉచితంగా లోపలికి పంపడానికి ఏడాదికి పన్నెండు గెస్టు పాసులిస్తామని చెప్పారట. సంగతి ఊళ్లో తెలిసిన దగ్గర్నుంచీ మేనమామలు, అక్కగారి అత్తింటివాళ్లు, స్నేహితులు, అందరిదీ ఒకటే ప్రశ్న: "మాకెప్పుడు?" సంక్రాంతికి కొత్త బావగారు కూడా వస్తున్నారు. ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి, ఏం చేస్తే ఉద్యోగం మీదకొస్తుంది అని అడిగారు.

గెస్టు పాసు మీ ఆస్తి కాదండి. అది కంపెనీ టికెట్టే, కాకపోతే మీ ఉద్యోగి నంబరు మీద ఇష్యూ అవుతుంది. ఏ రోజు, ఏ గేటులో, ఎన్ని గంటలకి స్కాన్ అయిందో ఆ నంబరు కిందే నమోదవుతుంది. లోపల ఆ మనిషి గొడవపడినా, తాగి దొరికినా, పాసు ఇంకొకరికి అమ్మినా పిలిచేది మిమ్మల్నే. కాబట్టి "ఎవరడిగారు" అన్నది పక్కనపెట్టి, "ఎవరి ప్రవర్తనకి నేను పూచీ పడగలను" అన్న లెక్కలో పంచండి. సగం చిక్కులు అక్కడే తీరతాయి.

మీ నియామక పత్రం ఎవరి లెటర్‌హెడ్ మీద ఉందో చూసుకోండి. మన వైపు పార్కుల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ఫుడ్ కౌంటర్ల వాళ్లలో చాలామంది అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనుషులు. పాసుల సౌకర్యం సాధారణంగా కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్లకే. వేసవి సీజనుకి చేరిన కాలేజీ పిల్లలకి స్వంత ప్రవేశం ఉన్నా గెస్టు పాసులు ఉండకపోవచ్చు. ప్రొబేషన్‌లో ఉన్నంతకాలం ఇవ్వనివి కూడా ఉన్నాయి. నోటితో చెప్పిన పన్నెండు కాగితం మీద ఎలా ఉందో చూడకుండా ఇంట్లో మాటివ్వకండి.

హెచ్‌ఆర్‌ని అడగాల్సినవి ఇవి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. పన్నెండు అంటే జనవరి నుంచి డిసెంబరుకా, ఏప్రిల్ నుంచి మార్చికా, లేక మూడు నెలలకి మూడు చొప్పునా? వాడనివి తర్వాతి కాలానికి మిగులుతాయా? ఒక రోజున ఎక్కువలో ఎక్కువ ఎన్ని వాడొచ్చు? ఉద్యోగి వెంట ఉండాలా, లేకపోయినా గెస్టుని పంపొచ్చా? తల్లిదండ్రులు, భార్య, పిల్లలు గెస్టు లెక్కలోకే వస్తారా, వాళ్లకి డిపెండెంట్ కార్డు వేరే ఉందా? పాసు చెల్లని తేదీల జాబితా ఎక్కడ పెడతారు? పేరు ఇచ్చాక మార్చుకోవచ్చా?

వీటిలో "ఉద్యోగి వెంట ఉండాలి" అన్న షరతే అందరినీ ముంచుతుంది. పార్కులో పనిచేసేవాడికి ఆదివారం సెలవు దొరకదు, జనం వచ్చేది ఆ రోజే కాబట్టి. మీ వారపు సెలవు మంగళవారమో బుధవారమో పడుతుంది. ఆ రోజు బంధువుల పిల్లలకి బడి. ఈ షరతు ఉన్న పార్కులో పన్నెండు పాసులున్నా నిజంగా వాడగలిగేవి బడి సెలవులు, మీ సెలవు, పాసు చెల్లే తేదీ, మూడూ కలిసిన రోజుల్లోనే. ఆ రోజులు ఏడాదికి ఎన్నొస్తాయో క్యాలెండరు ముందేసుకుని గుర్తు పెట్టుకోండి. చాలా తక్కువ కనిపిస్తాయి, కంగారు పడకండి.

ఇక చెల్లని తేదీలు సాధారణంగా ఇవి: సంక్రాంతి మూడు రోజులూ, దాని చుట్టూ ఉన్న వారాంతాలూ, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, దసరా సెలవులు, వేసవిలో శని ఆదివారాలు. డబ్బులిచ్చి వచ్చే జనంతోనే పార్కు నిండిపోయే రోజుల్లో ఉచిత పాసుని ఎవరూ లోపలికి రానివ్వరు. మన గోదావరి జిల్లాల్లో చుట్టాలు దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు భోగి మంట, కోడి పందెం, ప్రభల తీర్థం అన్నీ చూసి, ఖాళీగా ఉన్న పూట "మనవాడి పార్కుకి పోదాం" అంటారు.

కాబట్టి డిసెంబరు మొదటి వారంలోనే ఇంట్లో చెప్పెయ్యండి. పెద్దవాళ్లతో నసగకూడదు, అలాగని మొహం మీద కొట్టినట్టూ ఉండకూడదు. ఇలా అనొచ్చు: "మావయ్యగారూ, పండగ రోజుల్లో నా పాసు గేటు దగ్గర పనిచెయ్యదండి, మెషీనే ఒప్పుకోదు. బావగారు పండగయ్యాక ఇంకో రెండ్రోజులు ఉంటానంటే వారం మధ్యలో పెట్టుకుందాం. లేదంటే వేసవి సెలవులు మొదలయ్యాక నేనే పిలుస్తాను." ఇందులో కాదన్నది మీరు కాదు, గేటు మెషీను. పైగా అబద్ధం కూడా కాదు. "చూద్దాంలెండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. మన వైపు ఆ మాటకి సరేనన్నట్టే అర్థం, కనుమ మర్నాడు పొద్దున్నే జీపేసుకుని గేటు ముందు దిగిపోతారు.

పాసు ఇష్యూ చేసే పద్ధతి పార్కుని బట్టి మారినా వరస ఇంచుమించు ఇదే. ఉద్యోగుల పోర్టల్లోనో రిజిస్టర్లోనో రెండు మూడు రోజుల ముందు తేదీ, గెస్టు పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి. సూపర్‌వైజరు ఆమోదించాక క్యూఆర్ కోడ్ వస్తుంది. అది ఆ ఒక్క తేదీకే, ఒక్క ప్రవేశానికే. గేటు దగ్గర కోడ్‌తో పాటు గుర్తింపు కార్డు చూపించాలి. బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు.

ఇందులో తేడా వచ్చే చోట్లు నాలుగైదున్నాయి. పేరు మొదటిది. ఇంట్లో "చిన్నబాబు" అని పిలిచే మనిషికి ఆధార్లో ఇంటిపేరు ముందో వెనకో ఉంటుంది, అసలు పేరు ఇంకేదో ఉంటుంది. మీరు చిన్నబాబు అని కొడితే గేటులో ఆపుతారు, ఆపాలి కూడా. ముందే కార్డు ఫొటో తెప్పించుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించండి. ఫొటోకి మాస్క్‌డ్ ఆధార్ పంపమనండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి, పేరు సరిచూసుకోవడానికి అది చాలు. పని అవగానే ఆ ఫొటో మీ ఫోన్లోంచి తీసెయ్యండి.

రెండోది ఫోన్. కొన్ని చోట్ల గెస్టు నంబరుకి ఓటీపీ వస్తుంది. పెద్దాయన దగ్గర కీప్యాడ్ ఫోనుంటే మెసేజీ చదివిపెట్టే మనిషి ఒకరు పక్కనుండాలి. అన్ని పాసులకీ మీ నంబరే ఇచ్చేద్దామంటే కొన్ని సిస్టములు ఒక నంబరుకి ఒక రోజు ఒక బుకింగే తీసుకోవచ్చు. పైగా ఆ సమయానికి మీరు డ్యూటీలో ఉంటారు, ఫోను లాకరులో ఉంటుంది. ఓటీపీ మీ లాకరులో మోగుతుంటే మావయ్యగారు గేటు దగ్గర ఎండలో నిలబడతారు.

మూడోది వాట్సాప్. కుటుంబం గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టారంటే అయిపోయినట్టే. అందులోంచి ఎవరో ఇంకో గ్రూపులో పెడతారు. గేటు మెషీనుకి ఫోటో ఎవరి ఫోన్లో ఉందో తెలీదు, ముందు స్కాన్ చేసినవాళ్లదే టికెట్టు. తర్వాత వచ్చిన అసలు మనిషికి "వాడేశారు" అని ఎర్ర లైటు వెలుగుతుంది. కోడ్ ఎవరి పేరు మీదుందో వాళ్లకి మాత్రమే, విడిగా, ముందురోజు రాత్రి పంపండి. అంతకుముందు అక్కర్లేదు.

పిల్లల సంగతిలో మనవాళ్లు వయసు చెబుతారు, పార్కు ఎత్తు కొలుస్తుంది. బాగా చిన్నపిల్లలకి ఒక ఎత్తు దాకా ప్రవేశం ఉచితం, ఆ కొలత మీ పార్కు బోర్డు మీదుంటుంది. అలాంటి పిల్లలకి పాసు ఖర్చు పెట్టకండి. పెద్ద రైడ్లకి వేరే కొలతలు, రైడ్‌ని బట్టి 120 సెంటీమీటర్లనీ 140 అనీ ఉంటాయి. "వాడు అయిదో తరగతండీ" అంటే అటెండెంటు ఒప్పుకోడు. సీటు బెల్టూ, భుజాల మీదకి దిగే బారూ ఒక ఒడ్డూ పొడుగూ ఉన్న శరీరానికి కొలిచి చేసినవి. పొట్టి పిల్లాడు దాన్లోంచి జారతాడు. ఇంటి దగ్గరే గోడకి ఆనించి టేపుతో కొలిచి రమ్మనండి. మీ మేనల్లుడి కోసం తోటి ఉద్యోగిని బతిమాలారంటే వాడి ఉద్యోగాన్నీ మీరు పణం పెట్టినట్టే.

బట్టల గురించి ముందే చెప్పకపోతే గేటు దాటాక గొడవ. నూలు బట్టలు, చీరలు, చున్నీలు, జీన్సు నీళ్లలోకి రానివ్వరు. నూలు పీచు వదులుతుంది, ఆ పీచు ఫిల్టర్లకి పట్టేస్తుంది. తడిస్తే బరువెక్కి మనిషిని కిందకి లాగుతుంది. చీర కొంగు, చున్నీ స్లైడులో ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి ప్రమాదం. జిప్పులు, లోహపు బొత్తాలు ఫైబర్ స్లైడుని గీస్తాయి, ఆ గీత తర్వాత దిగినవాళ్ల వీపు చీలుస్తుంది. నైలానో పాలియెస్టరో ఒంటికి అంటిపెట్టుకునే బట్టలు తెచ్చుకోమనండి, లేకపోతే లోపల అద్దెకి తీసుకోవాలి. ఆడవాళ్లకి ఇంకో మాట: నల్లపూసలు, నాన్తాడు, చెవులకున్నవి ఇంటి దగ్గరే పెట్టి రావాలి. మంగళసూత్రం తియ్యం అంటే బలవంతం చెయ్యొద్దు, కెరటాల కొలనులోకి దిగకుండా ఒడ్డున కూర్చునేలా ఏర్పాటు చెయ్యండి. కెరటం కొట్టినప్పుడు కొక్కెం ఊడితే గొలుసు దొరకడం అదృష్టం. దొరికినా లాస్ట్ అండ్ ఫౌండ్ రిజిస్టరులో రాసి, గుర్తులు చెప్పించుకున్నాకే ఇస్తారు. మీ బంధువులని వెంటనే చేతిలో పెట్టరు.

క్యారేజీ కూడా తేరాదు. పులిహోర, దద్దోజనం, పూతరేకులు, ఏదైనా సరే గేటు దగ్గర ఆపుతారు. పసిపిల్లల పాలు, మందులు మామూలుగా పంపుతారు. పార్కింగు పక్కన తినేసి లోపలికి వెళ్లమనండి, అదే మర్యాద.

"ఫ్రీ" అన్న మాట ఇంట్లో వాడకండి, ప్రవేశం ఒక్కటే ఉచితం. ఉదాహరణకి ఏడుగురు వచ్చారనుకుందాం, టికెట్టు రూ.800 అనుకుందాం. నలుగురు పాసు మీద, ఒక పసివాడు ఎత్తు లెక్కన ఉచితం, ఇద్దరికి ఉద్యోగి డిస్కౌంటు నాలుగో వంతు పోగా రూ.600 చొప్పున రూ.1,200. లాకర్లు రెండు రూ.150 చొప్పున రూ.300. అద్దె బట్టలు ముగ్గురికి రూ.100 చొప్పున రూ.300. భోజనం ఆరుగురికి రూ.250 చొప్పున రూ.1,500. మొత్తం రూ.3,300. పార్కింగూ, లాకరు డిపాజిట్టూ ఇందులో లేవు. ఈ డబ్బు ఎవరు పెట్టుకోవాలో ముందే తేలకపోతే బావగారి ముందు మీరే జేబులో చెయ్యి పెట్టాల్సి వస్తుంది. మీ పార్కు ధరలతో ఇలాగే ఒక కాగితం మీద వేసి, వచ్చేవాళ్లలో లెక్కలు చూసుకునే మనిషికి పంపండి. డిస్కౌంటు ధర జీఎస్టీ కలిపి చెప్పారో, కలపకుండా చెప్పారో కూడా అడగండి.

పంచే పద్ధతి. పన్నెండూ మొదటి నెలల్లోనే పంచెయ్యకండి. అమ్మానాన్న, తోబుట్టువులకి నాలుగు, అత్తింటివైపుకో మేనమామలకో నాలుగు, స్నేహితులకి రెండు, చేతిలో రెండు. చేతిలో ఉంచుకునే ఆ రెండే అన్నిటికంటే ముఖ్యం. ఎవరో కాదనలేని మనిషి ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. క్యాలెండరు సంవత్సరం లెక్క ఉన్న పార్కులో డిసెంబరు 20 లోపు వాడెయ్యండి. తర్వాత క్రిస్మస్ నిషేధం మొదలవుతుంది, 31న గడువు తీరుతుంది. చాలామంది ఉద్యోగుల పాసులు మురిగేది ఆ పన్నెండు రోజుల్లోనే. ఎవరికి, ఏ తేదీకి, ఏ నంబరు పాసు ఇచ్చారో ఫోన్లో రాసిపెట్టుకోండి. "పెద్దమావయ్యకి ఇచ్చావు, నాకివ్వలేదు" అన్న మాట వచ్చినప్పుడు మీకు పనికొస్తుంది, ఆడిట్ వచ్చినప్పుడు ఇంకా పనికొస్తుంది.

పాసు వాడుకోవడానికి మంచి కాలం జులై, ఆగస్టుల్లో వారం మధ్య రోజులు. పార్కు ఖాళీగా ఉంటుంది, పాసుకి అడ్డు లేదు. కానీ అవే గోదావరి వరద నెలలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి మధ్య లంక ఊళ్లలో ఉన్న బంధువులకి తేదీ ఇచ్చేముందు ఎగువ భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందో తగ్గుతోందో చూడండి. కాజ్‌వే మునిగితే వాళ్లు పడవ మీద రావాలి, తిరిగి వెళ్లడం ఇంకా కష్టం. తేదీ దాటిన పాసు మళ్లీ మీ ఖాతాలోకి రాదు. ముందురోజు సాయంత్రంలోపు రద్దు చేస్తే తిరిగొచ్చే పద్ధతి కొన్ని పార్కుల్లో ఉంది, అది తెలుసుకోండి. పిడుగుల వాన పడితే ఎత్తైన స్లైడులు ఆపేస్తారు, కొలనులోంచి అందరినీ బయటికి పిలుస్తారు. డబ్బిచ్చిన టికెట్టుకే అప్పుడు పరిహారం దొరకడం గగనం, పాసు మీద అడగనే కూడదు. ఇంకో సంగతి, 2015 తర్వాత గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ప్రతి ఇంటా చుట్టాలే. ఆ తేదీలకి ఇప్పట్నుంచే ఎవరికీ మాటివ్వకండి.

దూరాన్నుంచి వచ్చేవాళ్లకి బయల్దేరే వేళ మీరే చెప్పాలి. రాజోలు వైపువాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా, అమలాపురం వైపువాళ్లు రావులపాలెం వచ్చి హైవే ఎక్కి వస్తారు. తీరిగ్గా టిఫిన్లు చేసి కదిలితే మధ్యాహ్నానికి చేరతారు. నీటి రైడ్లు సాయంత్రం పెందలాడే కట్టేస్తారు. గేటు తెరిచే సమయానికి అరగంట ముందుండేలా రమ్మనండి.

ఉద్యోగం పోయే పనులు మూడు, వీటిలో మధ్యేమార్గం లేదు.

పాసు అమ్మడం. సగం ధరకి అమ్మినా, "ఏదో ఖర్చులకి ఉంచుకో" అని ఫోన్‌పేలో ఐదొందలు వేయించుకున్నా అమ్మకమే. కోడ్‌లో మీ నంబరుంది, మీ ఖాతాలో డబ్బు జాడ ఉంది. ప్రతి వారం కొత్త కొత్త పేర్లతో పాసులు తీస్తుంటే టికెటింగ్ లెక్కల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బే కాదు, పాసిచ్చి బదులుగా ఇంకోటి పుచ్చుకోవడం కూడా ఇంతే. గ్యాస్ డీలరుకి పాసిచ్చి సిలిండరు ముందు తెచ్చుకోవడం, మీ పార్కుకి సరుకు వేసే కాంట్రాక్టరు కుటుంబానికివ్వడం మరీ ప్రమాదం.

స్టాఫ్ గేటులోంచి మనిషిని లోపలికి పంపడం. ఇది అమ్మడం కంటే పెద్ద తప్పు. లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క గేటు స్కానుల నుంచే వస్తుంది. ఏ కొలనుకి ఎంతమంది లైఫ్‌గార్డులు ఉండాలో ఆ లెక్కని బట్టి చూస్తారు. టికెట్టు లేకుండా లోపలికొచ్చిన మనిషికి దెబ్బ తగిలితే రికార్డుల్లో ఆ మనిషే లేడు, బీమా దొరకడం కష్టం కావొచ్చు. ముందుగా నిలదీసేది దారి చూపించినవాడినే.

మీ బంధువులకి మీరే టికెట్టు కొట్టడం. కౌంటర్లో మీరుండగా మీవాళ్లు వరసలోకొస్తే పక్క కౌంటరుకి పంపండి. పాసు, డిస్కౌంటు, ఆన్‌లైన్ ఆఫరు మూడూ కలిపి కొట్టొద్దు, అంతా రూల్ ప్రకారమే చేసినా పేరు మీదే చెడుతుంది. లైఫ్‌గార్డుగా ఉన్నవాళ్లు తమ కుటుంబం వచ్చిన రోజు వేరే కొలనుకి మార్పించుకోవాలి. మన పిల్లాడు నీళ్లలో ఉంటే కళ్లు వాడి మీదే ఉంటాయి, మిగతా నీళ్లు ఎవరు చూస్తారు?

తాగి వచ్చినవాళ్లని గేటులోనే తిప్పి పంపేస్తారు. పాసు మీద వచ్చినవాడైతే ఆ మాట మీ ఫైల్లోకి వెళుతుంది. పందెం బరి నుంచి నేరుగా వస్తామనే స్నేహితుల బృందానికి పాసు ఇవ్వకండి, అంతే.

ఇంత జాగ్రత్తపడ్డా గేటులో పాసు ఆగితే, లోపలున్న స్నేహితుడికి ఫోన్ చేసి "పంపించెయ్యరా" అనొద్దు. గెస్టుని పక్కన కూర్చోమని, డ్యూటీ మేనేజరుకి మీ ఉద్యోగి నంబరు, పాసు నంబరు చెప్పమనండి. పేరు తేడా అయితే కార్డు చూసి అక్కడే సరిచేస్తారు. "వాడేశారు" అని వస్తే గొడవ పడకుండా టికెట్టు కొనమనండి, ఎవరు వాడారో స్కాన్ సమయం పట్టి తర్వాత తెలుసుకోవచ్చు. అంత పట్టింపున్న చుట్టమైతే ఆ టికెట్టు డబ్బు మీరే ఇచ్చెయ్యండి, చుట్టరికం నిలుస్తుంది.

గల్ఫ్ పార్కుల్లో పనిచేసే మనవాళ్ల గురించి కూడా ఒక మాట, కోనసీమ నుంచి అటు వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి. అబుదాబి యాస్ ఐలాండ్ లాంటి చోట రద్దీ చలికాలంలో, అంటే మన సంక్రాంతి రోజుల్లోనే. కాబట్టి ఆ వేళకి పాసు ఆంక్షలుంటాయనే అనుకోవాలి. పాసు ఉన్నంత మాత్రాన విజిట్ వీసా రాదు, అది వేరే ఖర్చు. ఇంటివాళ్లని పిలిచేముందు రంజాన్ నెలలో పార్కు వేళలు మారతాయేమో కూడా చూసుకోవాలి.

ఉద్యోగం మానేటప్పుడు మిగిలిన పాసులకి డబ్బు రాదు. రాజీనామా పెట్టగానే పోర్టల్ మూసేసే చోట్లున్నాయి, అప్పటికే ఇష్యూ అయిన కోడ్‌లు కూడా రద్దవ్వొచ్చు. ఎవరికైనా తేదీ ఇచ్చి ఉంటే ఆ తేదీ దాటాకే రాజీనామా కాగితం ఇవ్వండి, లేదా రద్దయిందని వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పండి.